కొబ్బరి మొద్దులో కాపురం: లోతు సముద్రపు పురుగును ఊహించి తయారు చేయడం ఎలా?

లోతు సముద్రపు పురుగును గీయమంటే చాలామంది మొదట పళ్ళు గీస్తారు. ఆ తర్వాత నెత్తిన ఒక దీపం, పది మీటర్ల పొడవు, ఒళ్ళంతా ముళ్ళు. బొమ్మ చూడ్డానికి బాగానే ఉంటుంది. "ఇది ఏం తిని బతుకుతుంది?" అని అడిగితే మాత్రం గీసినవాళ్ళు తెల్లమొహం వేస్తారు. అంత ఒంటికి ఆ చీకట్లో తిండి ఎక్కడిదో చెప్పలేకపోతే అది సినిమా రాక్షసి కింద లెక్క.

ఊహాత్మక పరిణామం, అంటే స్పెక్యులేటివ్ ఎవల్యూషన్ పద్ధతి వేరు. భూమి నిజమైనదే, భౌతికశాస్త్ర సూత్రాలు నిజమైనవే, పూర్వీకులు కూడా నిజమైనవే. వాటి మీద ఆధారపడి, పుట్టి ఉండదగ్గ ఒక కొత్త జాతిని కల్పించాలి. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్ళ దగ్గర సగం సరుకు ఇప్పటికే ఉంది. నీరిస్, పార్శ్వపాదాలు, శూకాలు, ట్రోకోఫోర్ డింభకం గుర్తున్నాయా? పరీక్ష అయిన మర్నాడే మరిచిపోయిన ఆ పేజీలే ఇక్కడ పనికొస్తాయి. బైపీసీ చదవనివాళ్ళకీ ఇబ్బందేమీ లేదు, వచ్చినచోట చెబుతాను. ఒక నోట్‌బుక్కు, పెన్సిలు, ఫోన్‌లో క్యాలిక్యులేటరు ఉంటే చాలు.

పద్ధతి చెబుతూనే ఒక పురుగును మొదటినుంచి చివరిదాకా తయారు చేద్దాం. చోటు కోసం పసిఫిక్‌కి పోనక్కర్లేదు. మన శ్రీకాకుళం తీరం ఎదుట బంగాళాఖాతం అడుగు చాలు.

ముందు తిండి

లోతు సముద్రంలో ఎండ లేదు కాబట్టి మొక్క లేదు. 200 మీటర్లు దాటితే కిరణజన్య సంయోగక్రియకు వెలుతురు చాలదు, 1,000 మీటర్లు దాటితే సూర్యుడి వెలుగే ఉండదు. అక్కడ బతికేవాటికి తిండి పైనుంచి రాలాలి, లేదా అడుగునుంచి ఊరాలి. ఆ దారులేమిటో ముందు ఒక పేజీలో రాసుకోండి.

అడుగునుంచి ఊరే తిండిలో అందరికీ తెలిసింది వేడినీటి బుగ్గలు. 1977లో గాలపాగోస్ దగ్గర సుమారు 2,500 మీటర్ల లోతున ఆల్విన్ అనే జలాంతర్గామి వాటిని చూసింది. అక్కడి రిఫ్టియా అనే గొట్టపు పురుగు రెండు మీటర్ల దాకా పెరుగుతుంది. దానికి నోరూ లేదు, ఆహారనాళమూ లేదు. ఒంట్లో ఉన్న బాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వాడుకుని వండిపెడితే తింటుంది. చాలా అందమైన జీవి. కానీ మన తీరం ఎదుట అలాంటి బుగ్గలు లేవు, కాబట్టి దాన్ని పక్కన పెడదాం.

రెండోది మీథేన్. 2006లో గ్యాస్ హైడ్రేట్ల కోసం, అంటే నీటితో కలిసి మంచులా గడ్డకట్టిన గ్యాస్ కోసం తవ్వినప్పుడు కృష్ణా–గోదావరి బేసిన్‌లోనూ, మహానది బేసిన్‌లోనూ మీథేన్ మంచు బయటపడింది. శ్రీకాకుళం ఆ రెండింటికీ మధ్యలో ఉంది. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో 1997లో సుమారు 550 మీటర్ల లోతున సరిగ్గా అలాంటి మంచులోనే గుంటలు చేసుకుని బతికే చిన్న పురుగు ఒకటి కనబడింది. ఆ దారిలో పోదలిస్తే మీ ఇష్టం, సరుకు బోలెడంత ఉంది.

మూడోది తిమింగలం కళేబరం. 2002లో కాలిఫోర్నియా తీరంలో సుమారు 2,900 మీటర్ల లోతున ఒక తిమింగలం ఎముకల మీద ఒసెడాక్స్ అనే పురుగులు దొరికాయి. ఇవి ఆమ్లంతో ఎముకను కరిగించి అందులోకి వేళ్ళు దించుతాయి. ఇప్పటికే ఇంత వింత ఉన్నచోట మనం కొత్తగా కలిపేది తక్కువ.

నేను ఎంచుకునేది నాలుగోది: మునిగిన చెక్క.

మన జిల్లాలకు ఇది అచ్చంగా సరిపోతుంది. మహేంద్రతనయ బారువ దగ్గర, వంశధార కళింగపట్నం దగ్గర, నాగావళి శ్రీకాకుళం దిగువన, చంపావతి విజయనగరం జిల్లా కోనాడ దగ్గర సముద్రంలో కలుస్తాయి. వరదొస్తే ఇవన్నీ తూర్పు కనుమల్లోంచి చెట్లను ఈడ్చుకొస్తాయి. దానికితోడు తుపానులు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరితోటలు ఎలా ఒరిగిపోయాయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తోటలో పడ్డ చెట్టు తోటలోనే ఉంటుంది. ఏటిగట్టు మీద, ఇసుకదిబ్బ మీద ఉన్నవి మాత్రం నీళ్ళలోకి పోతాయి. కొన్నాళ్ళు తేలి, నీరు పీల్చుకుని బరువెక్కి మునుగుతాయి.

ఇది ఊహే కదా అనుకోకండి. బెంగాల్ ఫ్యాన్ అని గంగా–బ్రహ్మపుత్రల మట్టి బంగాళాఖాతం అడుగున పరుచుకుని ఉంది. ప్రపంచంలో ఇంత పెద్ద మట్టిమేట సముద్రగర్భంలో ఇంకోటి లేదు. అక్కడ అడుగును తొలిచి తీసిన మట్టి కడ్డీల్లో, అంటే డ్రిల్లింగ్ కోర్‌లలో చెక్క ముక్కల పొరలు దొరికాయి. 1.9 కోట్ల ఏళ్ళుగా నదుల చెక్క అలా లోతుకు చేరుతూనే ఉందని 2019లో ప్రచురించారు. కోటిన్నర ఏళ్ళకు పైగా క్రమం తప్పకుండా భోజనం దిగుతున్నచోట దాన్నే నమ్ముకున్న పురుగు ఒకటి ఉందంటే ఎవరైనా నమ్ముతారు.

తర్వాత లోతు, ఒత్తిడి

లోతు ఖాయం చేయకుండా ఒళ్ళు గీయకండి. మన పురుగుకు 1,800 మీటర్లు పెడదాం. ఈ అంకె ఊరికే వేసింది కాదు. బంగాళాఖాతంలో పైనుంచి సుమారు వంద మీటర్లు దిగినప్పటినుంచి వెయ్యి మీటర్ల దాకా ఆక్సిజన్ బాగా తక్కువ ఉండే పొర ఉంది. దాని కిందకు దిగితే ఆక్సిజన్ మళ్ళీ పెరుగుతుంది. ఊపిరికి కరువు లేనిచోట మొదలుపెడితే కొత్తవాళ్ళకు సులువు. ఆ కరువు పొరలోనే బతికే జాతిని రెండో ప్రయత్నంలో చేసుకోవచ్చు.

ప్రతి 10 మీటర్లకు ఒక అట్మాస్ఫియర్ (ఒడ్డున మన మీద ఉండే గాలి ఒత్తిడంత) చొప్పున ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి అక్కడ 180 అట్మాస్ఫియర్ల పైన ఉంటుంది. ఉష్ణోగ్రత 3 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ. ఎండ సున్నా.

ఒత్తిడి అనగానే పురుగుకు ఇనుప కవచం తొడిగేస్తుంటారు. అక్కర్లేదు. ఒంట్లో గాలి ఉన్నదాన్నే ఒత్తిడి నలిపేస్తుంది. పురుగు ఒళ్ళంతా నీరే, లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడి సమానం. మనదేశం తయారు చేస్తున్న మత్స్య–6000 లోపల ముగ్గురు మనుషులు, వాళ్ళు పీల్చే గాలి ఉండాలి కాబట్టి దానికి మందమైన టైటానియం గోళం కావలసి వచ్చింది. పురుగుకు ఆ బాధ లేదు. దాని అసలు చిక్కు కణాల్లో ఉంటుంది. ఆ ఒత్తిడికి ప్రొటీన్ల ఆకారం చెదురుతుంది, కణత్వచాలు, అంటే కణాల పైపొరలు బిగుసుకుపోతాయి. లోతు జీవులు చాలావరకు టీఎంఏఓ అనే పదార్థాన్ని ఒంట్లో దాచుకుని ప్రొటీన్లను కాపాడుకుంటాయి, త్వచాల్లో అసంతృప్త కొవ్వులు ఎక్కువ పెట్టుకుంటాయి. మీ నోట్‌బుక్కులో ఈ రెండు ముక్కలూ రాస్తే చాలు. బొమ్మలో కనబడవు, కానీ చదివేవాళ్ళకు మీరు ఆలోచించారని తెలుస్తుంది.

పూర్వీకుడు ఎవరు?

కొత్త అవయవం గాల్లోంచి పుట్టదు. పూర్వీకుడికి ఉన్నదాన్నే సాగదీయాలి, కుదించాలి, వేరే పనికి వాడాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే మీ పురుగు సగం నిజమైపోయినట్టే.

మన పురుగుకు పూర్వీకుడిగా నీరిస్ కుటుంబాన్నే తీసుకుందాం. నీరిస్ అంటే ఒళ్ళంతా ఉంగరాల్లాంటి ఖండితాలు పేర్చినట్టు ఉండే సముద్రపు పురుగు. ఆ కుటుంబంలో ఇసుకలో, మడ అడవుల బురదలో ఉండేవే కాక, ఒడ్డున కుళ్ళే ఆకుల మధ్య, దాదాపు మంచినీటిలో బతికేవి కూడా ఉన్నాయి. కుళ్ళిన చెత్త అలవాటున్న వంశం దొరికింది. ఇప్పుడు నీరిస్ ఒంటి మీద ఏమేం ఉన్నాయో వరసగా రాయండి: లోపలినుంచి బయటికి తిరగబడే గ్రసని (గొంతు గొట్టం), దాని చివర రెండు దవడలు. ఆ దవడలు జింక్‌తో గట్టిపడతాయి, ఇది నిజంగా నిజం. తల మీద నాలుగు కళ్ళు. ప్రతి ఖండితానికీ రెండు పార్శ్వపాదాలు, అంటే పక్కలకు పొడుచుకొచ్చే కండ కాళ్ళు, వాటికి శూకాలు, అంటే గట్టి వెంట్రుకలు. రక్తంలో హీమోగ్లోబిన్. తోక చివర రెండు సన్నని పోగులు. తోక తెగితే మళ్ళీ మొలుస్తుంది, తల తెగితే మాత్రం అంతే సంగతులు. ఈ జాబితాను దగ్గర పెట్టుకోండి, ఇక మీద ప్రతిసారీ దీనికే రావాలి.

మధ్యలో మెట్లు కూడా ఉండాలి. ఒడ్డు చెత్తలోని పురుగు ఏకంగా 1,800 మీటర్ల కిందకు దూకదు. మొదటి మెట్టులో వరదకు కొట్టుకుపోయిన మొద్దును పట్టుకుని, తీరానికి దగ్గరలో మునిగి, చెక్కమీది బాక్టీరియా జిగురు గీక్కుని తిని ఉంటుంది. రెండో మెట్టులో ఇంకా కిందకు. అక్కడ చెక్కను తొలిచే చిన్న ఆల్చిప్పలు నిజంగానే ఉన్నాయి, జైలోఫాగా అంటారు. చెక్క పడవలను తినేసే పురుగుకు ఇవి దగ్గరి చుట్టాలు, దాన్ని పురుగు అంటారు గానీ అదీ ఆల్చిప్ప జాతే. మన పురుగు వాటి బొరియల్లో దూరి, అవి విసర్జించిన చెక్కపొట్టు తింటుంది. మూడో మెట్టులో తనే తొలవడం నేర్చుకుంటుంది. ఏ మెట్టులోనైనా ఆ రోజుకు ఆ పురుగు కడుపు నిండాలి. "ముందు ముందు పనికొస్తుందిలే" అని పరిణామం దేన్నీ దాచిపెట్టదు.

ఇక్కడ ఒక తకరారు వస్తుంది. ఉద్దానంలో మనుషులు కొబ్బరితోటలు వేసి ఎన్నాళ్ళయి ఉంటుంది? వందల ఏళ్ళే అనుకున్నా కొత్త జాతి ఏర్పడడానికి అది ఏ మూలకీ చాలదు. కాబట్టి మన పురుగు కొబ్బరి మీద పరిణామం చెందింది అనడానికి వీల్లేదు. అయితే తాడిజాతి చెట్లు ఈ నేలకు కొత్త కాదు. దక్కన్ లావాపొరల మధ్య దొరికే సుమారు 6.6 కోట్ల ఏళ్ళనాటి శిలాజాల్లో తాడిజాతి కాండాలు ఉన్నాయి. మన పురుగు అడవి తాడి మొద్దుల మీద పెరిగింది, కొబ్బరి దానికి ఈమధ్య దొరికిన విందు. కాలం లెక్క తప్పితే ఎంత మంచి బొమ్మైనా కుదేలవుతుంది, అందుకే ఈ పరీక్ష ముందే పెట్టుకోవాలి.

మొద్దును చూసి ఒళ్ళు గీయండి

ఇప్పుడు పెన్సిల్ తీయొచ్చు. ముందు గీయవలసింది మాత్రం మొద్దును.

టేకుకో మద్దికో చేవ మధ్యలో ఉంటుంది. కొబ్బరికి తిరగబడి ఉంటుంది: చేవంతా బయట, లోపల బెండు. ఇంటి వాసాలకు కొబ్బరి మాను చీల్చేటప్పుడు చూడండి, అంచున గొడ్డలికి లొంగని నల్లటి పీచు, మధ్యలో గోటికి ఊడివచ్చే మెత్తన. ఏడాది వలయాలు ఉండవు. పీచుకట్టలు నిలువునా పరిగెడతాయి. కాబట్టి పక్కనుంచి తొలవాలంటే చేవను దాటాలి, పడిపోయినప్పుడు విరిగిన చివరనుంచి దూరితే నేరుగా బెండు దొరుకుతుంది. మన పురుగు విరిగిన చివరనుంచే పోతుంది. పీచుకట్టల వెంబడి, నిలువు సొరంగాల్లో.

ఇక ఈ ఒక్క నిర్ణయం ఒంటినంతా ఎలా మార్చేస్తుందో చూడండి. సొరంగం తవ్వేది దవడలు, కాబట్టి తల లోపలికి. తోక బయటి రంధ్రం వైపు. ఆక్సిజన్ ఉన్నది బయట, కాబట్టి ఊపిరి తోకతో తీసుకోవాలి! వింతగా ఉందా? చేపల అక్వేరియం షాపుల్లో అమ్మే ట్యూబిఫెక్స్ పురుగులు చేసేది అదే, తల బురదలో పెట్టి తోకను నీళ్ళలో ఊపుతాయి. మరి మొప్పలు ఎక్కణ్ణుంచి తెస్తాం? జాబితా చూడండి. తోక చివర రెండు పోగులు ఉన్నాయి. వాటిని పొడిగించి, కొమ్మలు వేయించి, రక్తనాళాలు నింపితే మొప్పల కుచ్చు తయారు. హీమోగ్లోబిన్ వల్ల ఎర్రగా ఉంటుంది, అయితే ఆ చీకట్లో ఎర్ర రంగు చూసే దిక్కు లేదు. జలాంతర్గామి దీపం పడితేనే తెలుస్తుంది.

తోక బయట ఉంటే చేపలు, పీతలు కొరుకుతాయి. కొరకనివ్వండి. నీరిస్‌కు తోక మళ్ళీ మొలుస్తుందని రాసుకున్నాం కదా, ఆ గుణం ఇక్కడ ప్రాణం నిలుపుతుంది. మొప్పలు తల దగ్గర పెట్టి ఉంటే మొదటి కాటుకే కథ ముగిసేది. ఇలా ఒక భాగం ఇంకో భాగాన్ని సమర్థిస్తూ ఉంటే డిజైన్ కుదురుతున్నట్టు గుర్తు.

మిగతావి చకచకా చేసేయొచ్చు. ముందు భాగంలోని పార్శ్వపాదాలు పొట్టివై, శూకాలు కొక్కేలుగా మారి సొరంగం గోడను పట్టుకుంటాయి. వెనక భాగంలోవి వెడల్పుగా ఉండి నీటిని లోపలికి తోస్తాయి. కళ్ళు రంగు చుక్కలుగా మిగులుతాయి. ఒంటికి మందమైన చర్మం అనవసరం, చెక్కే గోడ.

దీపం పెట్టాలని చెయ్యి దురద పెడుతుంది, తెలుసు. లోతులో వెలిగే జీవులు నిజంగా బోలెడు, నీలికాంతి నీటిలో ఎక్కువ దూరం పోతుంది కాబట్టి ఎక్కువగా నీలంగానే వెలుగుతాయి. 2009లో వర్ణించిన స్వైమా అనే పురుగు వెలిగే చిన్న బంతులను వదులుతుంది, శత్రువు దృష్టి మళ్ళించడానికని అంటారు. కానీ అది ఈదే పురుగు, దాక్కోవడానికి చోటు లేదు. మొద్దులో కాపురం ఉండేదానికి వెలుగుతో ఏం పని? శత్రువును పిలిచి మరీ తోక చూపించినట్టవుతుంది. నేనైతే తీసేస్తాను.

కడుపు విషయం మాత్రం తొందరపడకండి. చెక్కలో సెల్యులోజ్ దండిగా ఉంటుంది, కానీ దాన్ని అరిగించుకోవడం చాలా జంతువుల వల్ల కాదు. ఇంకో చిక్కేమిటంటే చెక్కలో నైట్రోజన్ బహు తక్కువ. నైట్రోజన్ లేకుండా ప్రొటీన్ లేదు, ప్రొటీన్ లేకుండా పెరుగుదల లేదు. పడవలు తొలిచే పురుగు ఈ రెండు పనులనూ మొప్పల్లోని బాక్టీరియాకు అప్పజెప్పింది, అవి సెల్యులోజ్‌ను విరిచే ఎంజైములూ ఇస్తాయి, నైట్రోజన్‌నూ ఒంటికి పనికొచ్చే రూపంలోకి మారుస్తాయి. మన పురుగు బాక్టీరియాను ఆహారనాళం పక్కన సంచుల్లో పెడదాం. చెక్కపొట్టు ఆ సంచుల్లో చాలాసేపు నిలవాలి, 3 డిగ్రీల చలిలో ఏదీ తొందరగా కాదు. కాబట్టి ఒళ్ళు పొడవుగా, నిదానంగా కదిలేదిగా ఉంటుంది.

ఇంకో మాట. మొద్దు లోపల కుళ్ళేటప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. అది విషం, కణాల్లో ఊపిరి పనిని ఆపేస్తుంది. తోకనుంచి బయటి తాజా నీటిని లోపలికి తోసే ఏర్పాటు ఊపిరికే కాక ఈ విషాన్ని కడగడానికీ కావాలి. తోక కొరికేసినప్పుడు పురుగు కొన్నాళ్ళు మత్తుగా పడి ఉంటుందని రాయండి, బాగుంటుంది.

ఎంత పొడవు? లెక్క వేయండి

ఇది ఎవరూ చేయరు, నాకు మాత్రం ఇదే ఇష్టమైన భాగం.

మొద్దు 8 మీటర్ల పొడవు, లోపలి బెండు 20 సెంటీమీటర్ల అడ్డుకొలత అనుకోండి. ఘనపరిమాణం సుమారు 0.25 ఘనమీటర్లు. బెండు సాంద్రత ఘనమీటరుకు 300 కిలోలు అనుకుంటే 75 కిలోల తిండి. తిన్నదంతా ఒళ్ళు అవదు. పదో వంతు అవుతుందనేది పుస్తకాల్లో చెప్పే మోటు లెక్క. చెక్కను గట్టిగా ఉంచే లిగ్నిన్ జంతువులకు దాదాపు అరగదు, ఆల్చిప్పలు, బాక్టీరియా తమ వాటా పట్టుకుపోతాయి, కాబట్టి నూటికి 2 వంతులు పెడదాం. 1.5 కిలోలు. ఆ మొద్దు తన జీవితకాలంలో పోషించగలిగే పురుగుల బరువంతా అంతే.

15 సెంటీమీటర్ల పొడవు, 5 మిల్లీమీటర్ల లావు ఉన్న పురుగు సుమారు 3 గ్రాములు తూగుతుంది. అంటే మొద్దుకు 500 పురుగులు. జనాభా బాగానే ఉంది, తోడు దొరుకుతుంది.

ఇప్పుడు రెండు మీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల లావు పెట్టి చూడండి. ఒక్కోటి రెండున్నర కిలోలు. మొద్దంతా తిన్నా ఒక్కటి కూడా పూర్తిగా పెరగదు. రాక్షస పురుగు కావాలంటే రాక్షస భోజనం చూపించండి, లేదా పొడవు తగ్గించండి. అంకెలు మీవి మీరు మార్చుకోవచ్చు, లెక్క మాత్రం మానొద్దు.

మొద్దు అయిపోతే?

ఈ పురుగు బొమ్మను భావనపాడులో వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయనకు చూపించాను. మునిగిన మొద్దులు వలకు తగిలితే ఎంత నష్టమో ఆయనకు నాకంటే బాగా తెలుసు. బొమ్మను తిప్పి తిప్పి చూసి, "బాగుంది బాబూ. మొద్దు అయిపోతే అదేటి తింటాది? ఇంకో మొద్దు కాడికి ఎలాగెళ్తాది?" అన్నాడు. జీవశాస్త్రం చదివిన ఎవరూ ఇంతకంటే మంచి ప్రశ్న అడగలేరు. ఇలా విడివిడిగా ఉండే, ఎప్పటికైనా అయిపోయే తిండి మీద బతికే ప్రతి జీవికీ ఇదే టెన్షన్. మీ పురుగుకు కూడా ఈ ప్రశ్న వేసి తీరాలి.

జవాబు మళ్ళీ పూర్వీకుడి దగ్గరే ఉంది. నీరిస్ జాతులు చాలావాటికి పెద్దయ్యాక హెటిరోనీరిస్ అనే ఈత దశ ఉంటుంది. పార్శ్వపాదాలు తెడ్లుగా వెడల్పవుతాయి, ఒళ్ళు బీజకణాలతో నిండుతుంది, బిలంలోంచి పైకొచ్చి గుంపుగా ఈది అండాలు, శుక్రకణాలు వదిలి చనిపోతాయి. మన పురుగుకూ అదే ఇద్దాం. సొరంగంలో వెనక్కి జరిగి, తోక ముందుగా బయటపడి, మొద్దుకు కొన్ని మీటర్ల పైన గుంపు కడుతుంది.

గుంపు కట్టాలంటే అందరూ ఒకే రోజు బయటికి రావాలి. తీరంలో ఉండేవాటికి చంద్రుడు కాలం చెబుతాడు. 1,800 మీటర్ల కింద చంద్రుడు లేడు. అక్కడికి చేరే ఋతువు ఒక్కటే, పైనుంచి రాలే ఒండ్రు. వానాకాలం వరదలకు నదులు పోటెత్తినప్పుడు సముద్రంలోకి మట్టి, ఆకు, చెత్త ఎక్కువగా దిగుతాయి. ఆ రాలుడు పెరగడమే మన పురుగుకు సంకేతం అనుకుందాం. ఇందులో ఇంకో లాభం ఉంది. మట్టి ఎక్కువ దిగే రోజులే కొత్త మొద్దులు దిగే రోజులు కూడా. పిల్లలు పుట్టే వేళకు కొత్త ఇళ్ళు సిద్ధం. పైగా ఒక వరదకు మొద్దులు గుంపుగా వస్తాయి కాబట్టి పక్క మొద్దు మరీ దూరంలో ఉండదు.

ఎంత దూరం పోగలవన్నది డింభకం, అంటే గుడ్డులోంచి వచ్చే పిల్ల చేతిలో ఉంది. నీరిస్ డింభకాన్ని ట్రోకోఫోర్ అంటారు, దానికి పచ్చసొన ఎక్కువ ఇచ్చి, తినకుండా కొట్టుకుపోయేలా చేయండి. చలిలో సొన నెమ్మదిగా ఖర్చవుతుంది. రిఫ్టియా డింభకాలు సగటున 38 రోజులు అలా నిలవగలవని 2001లో అంచనా వేశారు, మీకు అది కొలబద్ద. సొన పెద్దదైతే గుడ్ల సంఖ్య తగ్గుతుందని మరవకండి, రెండూ కావాలంటే కుదరదు. డింభకం ఎక్కడ వాలాలో ఎలా తెలుసుకుంటుంది? చెక్క కుళ్ళే వాసన, కొద్దిపాటి సల్ఫైడ్. ఎక్కువ సల్ఫైడ్ ఉంటే ఆ మొద్దు పాతదని అర్థం, దాటిపోవాలి. ఈ చిన్న తేడా రాయండి.

ఇరుగుపొరుగు గురించి ఒక పేరా చాలు. రంధ్రాలు మొదలుపెట్టే ఆల్చిప్పలు, తోకలు గిల్లే పీతలు, విసర్జించిన పొట్టు మీద బతికే చిన్న నత్తలు. మన పురుగు చచ్చాక ఖాళీ సొరంగాల్లో ఎవరు చేరతారో ఆలోచిస్తే రెండో జాతికి దారి దొరుకుతుంది.

పేరు, బొమ్మ

విరిగిన మొద్దు చివరన వందల ఎర్ర తోకలు బయటికి పొడుచుకుని ఉంటే అచ్చం నిలబెట్టిన కొబ్బరి చీపురులా ఉంటుంది. అందుకని వాడుక పేరు "మొద్దు చీపురు". శాస్త్రీయ నామం రెండు ముక్కల్లో ఉండాలి: మొదటిది ప్రజాతి, రెండోది జాతి. ఊరి పేరుతో పెట్టేటప్పుడు చివర "ఎన్సిస్" చేరుస్తారు. నేను పాల్మోనీరిస్ ఉద్దానెన్సిస్ అన్నాను. పెట్టేముందు ఆ పేరు ఇప్పటికే ఎవరికైనా ఉందేమో వరల్డ్ రిజిస్టర్ ఆఫ్ మెరైన్ స్పీసీస్ అనే ఉచిత ఆన్‌లైన్ జాబితాలో వెతికి చూడండి.

బొమ్మలు మూడు గీయండి. మొద్దును నిలువునా కోసినట్టు, లోపల పురుగు ఎలా ఉందో ఒకటి. దవడలు, ఒక ముందు పార్శ్వపాదం, ఒక వెనక పార్శ్వపాదం పెద్దవి చేసి ఒకటి. ఈత దశ ఒకటి. పక్కన సెంటీమీటర్ల గీత తప్పనిసరి, లేకపోతే చూసేవాళ్ళు అనకొండ అనుకుంటారు. రంగులు తక్కువ వాడండి. తోక కుచ్చు ఎరుపు, మిగతా ఒళ్ళు పాలిపోయిన తెలుపు, లోపల చెక్కపొట్టు గోధుమరంగు నీడగా కనబడాలి.

చివరిగా, "కల్పిత జీవి" అన్న మాటను బొమ్మ కింద రాయకండి, బొమ్మ మీదే, పురుగు ఒంటిని తాకేలా రాయండి. కింద రాస్తే కత్తిరించేస్తారు. సాయంత్రానికల్లా వాట్సాప్‌లో "భావనపాడు తీరంలో దొరికిన వింత జీవి, పది మందికి పంపండి" అని మీ బొమ్మే మీకు తిరిగొస్తుంది.